అమ్మ కాళ్ళకు మిగిలిన కడియాలు

మొన్న ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక కంచాలు తీసీ తీయకముందే, మా ఇంట్లో తిరుపతి ప్రయాణం గురించి పెద్ద పంచాయతీ మొదలైంది. చిన్నా పెద్దా కలిపి ఏడుగురం. కాచిగూడలో బండి ఎక్కితే కర్నూలు మీదుగా తెల్లారేసరికి చేరిపోవచ్చు, ఇక తేలవలసిందల్లా ఏ తరగతిలో పడుకుని వెళ్ళాలన్నదే. నా కూతురి కూతురు ఫోను చేతబట్టుకుని, మామూలు స్లీపరుకు ఇంత, మూడంతస్తుల ఏసీకి ఇంత, రెండంతస్తుల దానికి ఇంత, మనిషికింతైతే ఏడుగురికెంత అని గడగడా చదివి, ముసలివాళ్ళకు ఒకప్పుడిచ్చిన తగ్గింపు కూడా ఇప్పుడు లేదు గనుక స్లీపరే మేలని తీర్పు చెప్పేసింది. పక్కనే కూర్చున్న మా తమ్ముడి మనుమడు పకపకా నవ్వి, "నువ్వు అచ్చం ముత్తవ్వ పోలికనే. పైసలు మిగులుతయంటె మొగుణ్ణి సుత పణం పెడ్తవ్," అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా అలవాటు కొద్దీ నవ్వబోయి, నవ్వలేకపోయాను.

ముత్తవ్వ అంటే మా అమ్మ. వాడు పుట్టడానికి ఎన్నో ఏళ్ళ ముందే పోయింది, వాడు ఆమె ముఖమైనా చూడలేదు. అయినా ఆమె పిసినారితనం గురించిన ఆ ఒక్క కథ మాత్రం తాత నోటి నుంచి తండ్రికి, తండ్రి నోటి నుంచి వాడికి భద్రంగా అందింది. మా ఇంట్లో ఎవరైనా కూరగాయల దగ్గర గీచి గీచి బేరమాడితే చాలు, అమ్మ పేరెత్తి నవ్వుకుంటారు. వాళ్ళ తప్పు లేదు. ఆ కథ తప్పని తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఇప్పుడు ఒక్కతే ఉంది, ఆమె ఇన్నేళ్ళుగా నోరు కుట్టుకుని కూర్చుంది. అది నేనే. ఎనభై దాటి చాలా ఏళ్ళయింది, ఇంకా దాచుకుని ఎక్కడికి మోసుకుపోతాను? అందుకే నా ఈడు వాళ్ళు, ఆ రోజులు చూసినవాళ్ళు, చదివితే అర్థం చేసుకుంటారన్న ఆశతో ఇది రాస్తున్నాను.

ఆ కాలంలో బీదవాడు రైలులో పడుకోవడమనే మాటే లేదని మీకు గుర్తుండే ఉంటుంది. మూడో తరగతి అంటే చెక్క బల్ల, దాని మీద ఎనిమిది మంది కూర్చోవలసిన చోట పదిహేను మంది, పైన సామాను బల్ల, దాన్ని పట్టుకున్న ఇనుప కడ్డీలు, కిటికీలోంచి కళ్ళల్లో పడే బొగ్గు నలుసు. పరుపు బల్ల మీద కాళ్ళు చాపుకుని పడుకోవాలంటే సెకండ్ క్లాసుకో, ఆ పైదానికో పోవాలి. దాని టికెట్టు మా బోటి వాళ్ళ టికెట్టుకు ఎన్నో రెట్లు. మా వాడలో ఎవరూ అంతవరకూ ఆ పెట్టె లోపల ఎలా ఉంటుందో కూడా చూడలేదు.

మా వాడ ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్ట కింద ఉండేది. మేము చేపలు పట్టుకు బతికేవాళ్ళం. బాపుకు, అంటే మా నాన్నకు, ఒక తెప్ప ఉండేది, ఆ చెరువులో ఎక్కడ మడుగుందో ఎక్కడ మొద్దుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. మా అమ్మ వలలు అల్లేది, చిరిగినవి కుట్టేది, తుమ్మచెక్క ఉడికించిన ఎర్రటి నీళ్ళలో వాటిని నానబెట్టి గట్టిపరిచేది, వారానికి రెండుసార్లు గంపలు బండికెత్తుకుని కాచిగూడ పోయి అక్కడ ఒక చేపల సాయిబుకు వేసి వచ్చేది. ఆయనను మేమందరం చేపల చాచా అనేవాళ్ళం. పండ్లు లేని నోటితో నవ్వుతూ తూకంలో ఎప్పుడూ ఒక చేప మాకే ఎక్కువ లెక్కగట్టేవాడు. నాకు పదకొండేళ్ళు, తమ్ముడికి మూడు. ముడి వేయడంలో నన్ను మించినవాళ్ళు వాడలో లేరని బాపు పదిమందిలో చెప్పుకునేవాడు, నేను దానికి మహా పొంగిపోయేదాన్ని.

అప్పటికే ఊళ్ళు కుతకుత ఉడుకుతున్నాయి. ఒకవైపు సంఘం దళాలు, ఇంకొకవైపు రజాకార్లు, మధ్యలో మేము. ఒకనాడు సాయంత్రం దళం వాళ్ళు దొర గుమాస్తాను తూము దగ్గర పట్టుకుని గొడ్డళ్ళతో నరికారు. ఆ గుమాస్తా మంచివాడని నేననను, జీతగాళ్ళను చెట్టుకు కట్టేసి కొట్టించినవాడే, కాని మనిషిని అన్ని ముక్కలుగా చూడవలసి వస్తుందని నేను అనుకోలేదు. వెంటనే ఆ దళంలోని ముగ్గురు మా గుడిసె ముందుకు వచ్చి అవతలి ఒడ్డుకు దాటించమని బాపును అడిగారు. అడిగారంటే అడిగారు, బెదిరించలేదు. వాళ్ళలో ఒకడికి చేయి తెగి వేలాడుతున్నది. బాపు మారు మాట్లాడకుండా తెప్ప తీశాడు. తిరిగి వచ్చాక అమ్మ ఆ తెప్ప మీది నెత్తురును ఇసుకతో రుద్దీ రుద్దీ కడిగింది. కర్ర సందుల్లో ఇంకినది మాత్రం పోలేదు.

మూడో రోజు పొద్దున్నే రజాకార్లు వచ్చారు. మా వాడ మగవాళ్ళందరినీ కట్ట మీద వరుసగా బోర్లా పడుకోబెట్టి, ఇళ్ళలోని వలలన్నీ ఈడ్చుకొచ్చి కుప్పపోసి కిరసనాయిలు చల్లి అంటించారు. నూలు వలలు కాలుతుంటే వచ్చిన ఆ వాసన, పక్కన మనుషుల అరుపులు, ఈ రెండూ నాకు ఇప్పటికీ విడదీయరానివి. తెప్ప మీది మరకలు చూసి, దాటించింది ఎవడని అడిగారు. మా పెదబాపు, అంటే బాపుకు అన్న, తల ఎత్తి మాకెవ్వరికీ తెలియదన్నాడు. ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టి, కాళ్ళకు బండ కట్టి, తూము మడుగులోకి తోశారు. నీళ్ళలో పుట్టి పెరిగినవాడు, చేపలా ఈదేవాడు, మా అందరి కళ్ళ ముందు బుడగలు వదిలి మునిగిపోయాడు. అప్పుడు బాపు లేచి, నేనే దాటించిన అన్నాడు.

తుపాకీ మడమలతో ఆయనను నడుం మీద కొట్టారు. ఎన్ని దెబ్బలో నేను లెక్కపెట్టలేదు. ఎముక విరిగిన చప్పుడు మాత్రం కట్ట కిందున్న నాకు వినబడింది. దళం వాళ్ళ పేర్లు చెప్పమన్నారు, ఆయనకు తెలిస్తే కదా చెప్పడానికి. శుక్రవారం మళ్ళీ వస్తాం, పేర్లు సిద్ధంగా లేకపోతే పెండ్లాం పిల్లలను కూడా ఆ మడుగులోకే పంపిస్తామని చెప్పి పోయారు. మంగళవారం అది. బాపు నడుం కింద నల్లగా కమిలి, చర్మం చిట్లి, రసి కారుతుండేది. కూర్చోబెట్టబోతే గొంతు చీలేలా అరిచి స్పృహ తప్పేవాడు. వెల్లకిలా గాని పక్కకు గాని మెత్తటి దాని మీద పడుకోబెడితేనే ఊపిరి తీసుకోగలిగేవాడు.

అమ్మ తరఫు దూరపు చుట్టాలు కర్నూలులో, నది ఒడ్డున ఉండేవారు. నది దాటితే నిజాం రాజ్యం కాదు, రజాకార్లు రారు. అక్కడికి చేరితే బతుకుతాం, చేరకపోతే లేదు. గురువారం పొద్దున మా మేనమామ బండి కట్టాడు. అడుగున బాపును పడుకోబెట్టి పైన తాటాకులు కప్పాం. ఆ పక్కనే, మా ఇంటికి మిగిలిన ఒకే ఒక్క వలను కూడా పెట్టింది అమ్మ. మిగతా వలలన్నీ కాలిన రోజున అది పెరట్లో తుమ్మచెక్క కాగులో నానుతూ ఉండి బతికిపోయింది. కొత్త ఊరిలో నది ఉంటుంది, వల ఉంటే కడుపు నిండుతుందన్నది ఆమె ఆలోచన. నాదర్‌గుల్ దగ్గర కాలిన గడ్డివాములు చూశాం, బడంగ్‌పేట్ దాటాక ఒక మోటబావి గట్టు మీద ఇద్దరు మనుషులు పడి ఉన్నారు, వాళ్ళ చుట్టూ కుక్కలు. అమ్మ నా కళ్ళు మూసింది. ఆమె వేళ్ళ సందులోంచి నేను చూడనే చూశాను.

కాచిగూడలో చేపల చాచా దుకాణం వెనక గదిలో దిగాం. బాపును చూసి ఆ ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత తనే స్టేషనుకు పోయి రైలు సంగతీ టికెట్ల ధరలూ కనుక్కుని వచ్చి అమ్మ ముందు చెప్పాడు. నలుగురం మూడో తరగతిలో పోతే ఇంత, బాపు అమ్మా సెకండ్ క్లాసులో పడుకుని పోయి పిల్లలను మూడో తరగతిలో తెలిసినవాళ్ళకు అప్పగిస్తే ఇంత, అందరూ సెకండ్ క్లాసులోనే పోతే ఇంత. వేళ్ళ మీద లెక్కగట్టి చెబుతుంటే అమ్మ నోరు తెరుచుకుని వింది. ఇప్పుడు మనుమరాలు ఫోనులో చూసి చెప్పినట్టే ఉంది అదీ, కాకపోతే ఆనాడు తేడా పడేది సుఖానికీ అసుఖానికీ మధ్య కాదు.

"ఈయనను బల్ల మీద కూసోపెడ్తె షాద్‌నగర్ దాక సుత ప్రాణం ఆగదు, బిడ్డా," అన్నాడు చాచా. "సెకండ్ క్లాసుల పండవెట్టుండ్రి. నా షేర్వానీ ఇస్త, టోపీ ఇస్త. బీమార్ ఆద్మీ అంటె ఎవ్వడు లేపడు. గా పెట్టెల ఉండేది పెద్దోళ్ళు. తలాషీ చేసేటోళ్ళు అక్కడ సలాం గొట్టి పోతరు. పైసల ఫికర్ చెయ్యకు, తక్కువ పడ్డది నేనేస్త."

మా మేనమామ అమ్మను పక్కకు పిలిచి, వీళ్ళను నమ్మొద్దు, షేర్వానీ తొడిగించి నేరుగా రజాకార్ల చేతుల్లోనే పెడతాడేమోనని గుసగుసలాడాడు. అలాంటి రోజులవి, ఎవరు ఎవరిని నమ్మాలో తెలియదు. కాని అమ్మ ఆ మాట చెవిన పెట్టలేదు. ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఆమె నేల మీద కూర్చుని, పెళ్ళినాటి వెండి కడియాలను, కాళ్ళు నొప్పి పుడుతున్నా నూనె రాసి గుంజి తీసి, చాచా చేతిలో పెట్టింది. "అమ్ముకొని టికెట్లు తెండ్రి చాచా, మనిషి కంటె ఎక్కువనా," అన్నది. అవే మాటలు. నేను పక్కనే ఉన్నాను.

అప్పుడు నేను నోరు తెరిచాను. ఎవరూ నన్ను అడగలేదు. అమ్మ కడియాలు లేని కాళ్ళు చూస్తే ఏడుపొచ్చింది, అదొకటి. రెండోది, ముడులు వేయడంలో గొప్పదాన్నన్న పొగరు. "అమ్మా, మన వల మడతవెట్టి రైల్ల గా ఇనుప కడ్డీలకు కడ్త, బాపును అండ్ల పండవెడ్దం. పిల్లలకు చీర ఉయ్యాల గడ్తరు గద, గట్లనే. సెకండ్ క్లాసు ఎందుకు?" అన్నాను.

బాపు నవ్వాడు. కట్ట మీద దెబ్బలు తిన్న తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. నొప్పితో ముఖం వంకరపోయినా నవ్వాడు. "ఇన్నవా, నా బిడ్డ నాకు పట్టెమంచం కట్టిస్తదట. సాహెబ్ బట్టలేసుకొని నేను ఎవ్వనికి సలాం గొట్టాలె? పిల్లలను వేరే పెట్టెల ఇడిచి నేను పోను. కడియాలు కాళ్ళకేసుకో పో," అన్నాడు. అమ్మ ఇంకా ఏదో అనబోతే గట్టిగా కసిరాడు కూడా. మేనమామ సరే సరే అన్నాడు. చాచా కడియాలు అమ్మకు తిరిగి ఇచ్చి, నా తల నిమిరి, వల పైకి కనబడకుండా బొంత కప్పండి, మీరెక్కడివాళ్ళో అది చూస్తే తెలిసిపోతుందని మాత్రం చెప్పాడు.

మేనమామ ఎడ్లబండితో వెనక్కి మళ్ళాడు, శుక్రవారం పొద్దున మా నలుగురితో రైలు కదిలింది. నేను కట్టిన ముడులు ఒక్కటీ జారలేదు. వల రెండు మడతలు, దాని మీద అంచులు కూడా కప్పేలా పాత బొంత, బొంత మీద బాపు. బండి ఎంత ఊగినా ఆయన నడుముకు అదురు తగలలేదు. జనం చూసి మెచ్చుకున్నారు, ఒక ముసలమ్మ నా బుగ్గ గిల్లింది. పరుపు బల్లల పెట్టెల్లో కూడా ఎవడూ ఇంత హాయిగా పడుకుని ఉండడని నాలో నేను గర్వపడ్డాను. వానలు ఇంకా మొదలుకాలేదు. మధ్యాహ్నానికి పెట్టె పైకప్పు పెనంలా కాలి, బాపు పుండ్లు బొంతకు అతుక్కుపోయి మంట పుట్టి, అది తీసేయమని ఆయనే మూలిగాడు. తీశాం. ఎర్రటి వల, దాని అంచున బరువుకు కట్టిన మట్టి గుండ్లు, కిటికీ ఎత్తున వేలాడుతూ మిగిలాయి.

నది ఇంకా కొంత దూరం ఉండగా ఒక చిన్న స్టేషనులో బండి ఆగింది. ఆ స్టేషను పేరు నాకు తెలుసు, ఇక్కడ రాయను. రజాకార్లు ప్లాట్‌ఫారం మీద కిటికీ కిటికీలోకి తొంగిచూస్తూ వస్తున్నారు. ఇబ్రహీంపట్నం చెరువు మనిషి ఒకడు నడుం విరిగి పారిపోతున్నాడని వాళ్ళకు కబురు అందిందట, తర్వాత తెలిసింది. ముందున్న సెకండ్ క్లాసు పెట్టె దగ్గర వాళ్ళు ఆగలేదు, లోపలికి చూడనైనా చూడలేదు, తలుపు దగ్గర నిలబడ్డ ఎవరికో సలాం చేసి ముందుకు వచ్చారు. అది నేను నా కళ్ళతో చూశాను. మా కిటికీ దగ్గర ఒకడు ఆగి, వల వైపు వేలు చూపి, మచ్ఛీవాలా అని అరిచాడు.

నలుగురు లోపలికి తోసుకొచ్చారు. చొక్కా ఎత్తి నడుం చూశారు. ఇక అడగవలసినదేమీ మిగలలేదు. ఒకడు కత్తితో నా ముడులను తెంచాడు. బాపు వలతో సహా నేల మీద పడ్డాడు. ఆ అరుపు నేను రాయలేను. విప్పే తీరిక లేక ఆ వలలోనే చుట్టి, మేము చేపలను గట్టు మీదికి ఈడ్చుకొచ్చినట్టే ఆయనను మెట్ల మీదుగా కిందికి ఈడ్చారు. అమ్మ వల అంచు పట్టుకుని వేలాడింది. తుపాకీ మడమతో ఆమె చేతి మీద కొడితే మూడు వేళ్ళు విరిగాయి, అయినా వదల్లేదు, రెండోసారి కొట్టాక వదిలింది. మట్టి గుండ్లు ప్లాట్‌ఫారం రాళ్ళకు తగిలి ఒక్కొక్కటే పగులుతున్న చప్పుడు, ఆ తర్వాత గోదాము వెనక నుంచి రెండు తుపాకీ చప్పుళ్ళు. అమ్మ దిగబోయింది. తమ్ముడు ఆమె కొంగు పట్టుకుని ఏడుస్తున్నాడు, నేను ఆమె కాళ్ళకు, ఆ కడియాలకు చుట్టుకుపోయాను. బండి కూత వేసి కదిలింది.

వంతెన దాటాం. కర్నూలు స్టేషనులో టికెట్లు అడిగే ఆయన మా టికెట్లు తీసుకుని, మమ్మల్ని చూసి, ఒక టికెట్టు ఎక్కువున్నదే, ఇంకొకాయన వెనక వస్తున్నాడా అని అడిగాడు. అమ్మ విరిగిన చేతిని కొంగులో చుట్టుకుని, "రాడు," అన్నది.

చుట్టాల ఇంటి ముందు మేము నిలబడ్డప్పుడు ఆడవాళ్ళందరి చూపూ ముందుగా అమ్మ కాళ్ళ మీదికే పోయింది. మొగుడు లేడు, కాళ్ళకు వెండి కడియాలున్నాయి. వారం తిరగకముందే ఆమె వాటిని మా తిండికే అమ్మేసిందన్నది ఎవరికీ గుర్తులేదు. కొన్నాళ్ళకు మేనమామ కూడా వచ్చి, చాచా చెప్పిన టికెట్ల లెక్కలు, తీసిన కడియాలు మళ్ళీ తొడుక్కోవడం అన్నీ చెప్పాడు, ఎవరు ఎందుకు తొడుక్కోమన్నారో చెప్పడం మరచిపోయాడో, తాను చాచాను అనుమానించిన సంగతి బయటపడుతుందని మింగేశాడో తెలియదు. కడియాలు దాచుకుని మొగుణ్ణి పోగొట్టుకున్నదన్న మాట అలా పుట్టింది. అమ్మ దాన్ని కాదనలేదు. అవును, నేనే లెక్కలు చూసుకున్న, నా పిసినారితనమే ఆయనను తిన్నదని, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ తనే చెప్పుకుంది. నేను ఆమె వెనక నిలబడి విన్నాను. మొదట్లో నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక భయమేసింది. భయం పోయేసరికి ఆలస్యమైపోయింది.

మూడు నెలలకు యూనియన్ సైన్యం వచ్చింది, దానినే పోలీసు చర్య అన్నారు. నిజాం లొంగిపోయాడు, మేము తిరుగు బండి ఎక్కాం. కాచిగూడలో దిగగానే అమ్మ నేరుగా చేపల చాచా దగ్గరికి నడిచింది. ఆయన మాట విననందుకు ఆయన ముందు తల వంచుకోవాలని ఆమె కోరిక. దుకాణానికి తాళం ఉంది. పక్క దుకాణం ఆయన చెప్పాడు, గొడవల్లో ఇక్కడ భయమని చాచా దూరంగా బిడ్డ అత్తగారి ఊరికి పోయాడట, అక్కడ రజాకార్ల మీది కోపంతో ఊరివాళ్ళు దొరికిన ప్రతి సాయిబునూ బావి దగ్గరికి ఈడ్చుకుపోయి గొడ్డళ్ళతో నరికారట. పండ్లు లేని ఆ ముసలాయననూ వదల్లేదు. నరికినవాళ్ళు మావాళ్ళే, మాలాంటి వాళ్ళే, మాలాగే ఎవరినో పోగొట్టుకున్నవాళ్ళే. అమ్మ ఆ మూసిన తలుపు ముందు కూలబడింది. బాపు పోయిన రోజున కూడా ఆమె అంత గట్టిగా ఏడవలేదు.

ఇక ఆ తర్వాత బతుకు అందరికీ సాగినట్టే సాగింది. అమ్మ వేళ్ళు వంకరగానే అతుక్కున్నాయి, మళ్ళీ వల అల్లలేదు, కూలికి పోయి మమ్మల్ని పెంచింది. కర్నూలులో ఉన్నప్పుడు దిద్దిన అక్షరాలు పట్టుకుని నేను చదువుకుని, ఇబ్రహీంపట్నంలోనే పంతులమ్మనయ్యాను, ఊరందరి పిల్లలకూ అబద్ధమాడకూడదని ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. తమ్ముడు మాత్రం పెరిగి పెద్దవాడైన కొద్దీ అమ్మకు దూరమయ్యాడు. నాలుగు కడియం ముక్కల కోసం బాపును చంపుకుందని వాడు మనసా వాచా నమ్మాడు. అమ్మ చేతి ముద్ద తినేవాడు కాదు, పండుగకు పిలిచినా వచ్చి గుమ్మంలో నిలబడి పోయేవాడు. అమ్మ వాడి కోసం వండి, వాడు పోయాక ఆ అన్నాన్ని గొడ్లకు పెట్టేది. నేను నోరు విప్పి ఒక్క మాట చెబితే ఆ తల్లికి కొడుకు దక్కేవాడు. చెప్పలేదు. ఏమని చెప్పను, బాపును ఉరికి కట్టినట్టు కట్టింది నేనేనని ఎలా చెప్పను అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. పిరికితనానికి ఎన్ని పేర్లు పెట్టుకున్నా పిరికితనమే.

ఒక్కసారి ప్రయత్నించాను. అమ్మ చివరి రోజుల్లో, దవాఖానలో, తమ్ముడు గది బయట బల్ల మీద కూర్చుని ఉండగా, వాడిని లోపలికి పిలిచి చెప్పేస్తానని లేచాను. అమ్మ ఆ వంకర వేళ్ళతో నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఊకో. నువ్వప్పుడు పదకొండేండ్ల పిల్లవు. నేను ఎట్లనన్న మోసుకున్న, నువ్వు మోయలేవు," అన్నది. అంటే ఆమెకు అన్నీ తెలుసు, నా వైపు ఎవరి వేలూ లేవకూడదని తనే అడ్డం నిలబడింది. నేను మళ్ళీ కూర్చున్నాను. ఆమె చెప్పింది కనుక కూర్చున్నానా, నాకే కూర్చోవాలని ఉండి కూర్చున్నానా, ఇప్పటికీ తేల్చుకోలేను. ఆమె పోయింది, కొన్నేళ్ళకు తమ్ముడూ పోయాడు, ఆ నమ్మకంతోనే.

మొన్న ఆదివారం ఆ నవ్వులు సద్దుమణిగాక, ఫోను పక్కన పెట్టించి, పిల్లలందరినీ కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. తమ్ముడి మనుమడు వచ్చి నా పక్కన కూర్చుని, "మా తాతకు ఎందుకు చెప్పలే అవ్వా?" అన్నాడు. మనుమరాలు కళ్ళు తుడుచుకుని అందరికీ పై తరగతి టికెట్లే తీస్తానంది. వద్దన్నాను. స్లీపరే తీయమన్నాను.

కాలం ఎంత మారిందో చూడండి. ఆనాడు డబ్బున్నవాడి నడుముకే దక్కిన పడక ఈనాడు కూలికి పోయేవాడికి కూడా దక్కుతున్నది. టికెట్టు మీద అంకె చూసుకుని, కాళ్ళు చాపి, దుప్పటి కప్పుకుంటే మీది ఏ ఊరు, ఏ చెరువని ఎవరూ అడగరు. ఈ ఒక్క మార్పు కోసం ఎంతమంది పోయారో ఆ బెర్తుల మీద నిద్రపోయే పిల్లలకు తెలియదు, తెలియకపోవడమే మంచిదేమోనని కూడా అప్పుడప్పుడు అనిపిస్తుంది. నాకు కింది బెర్తు దొరికిందట. ఆ దారిలో ఆ చిన్న స్టేషను వచ్చేసరికి మాత్రం నన్ను లేపి కూర్చోబెట్టమని తమ్ముడి మనుమడికి చెప్పాను. బాపు దిగినచోట నేను పడుకుని పోలేను. వాడు సరేనన్నాడు, తను కూడా నా పక్కన కూర్చుంటానన్నాడు.